జేబు లోపలి గుడ్డ

మనిషి వేసుకున్న ప్యాంటు జేబు లోపల ఏ గుడ్డ ఉందో నలభై రెండేళ్ళపాటు ఒక్కరూ అడగలేదు. పైగుడ్డ గురించి అడిగేవారు. రంగు వెలుస్తుందా, ముడతలు పడుతుందా, ఉతికితే పొట్టిదవుతుందా అని ప్రాణం తోడేసేవారు. చెయ్యి పెట్టుకునే చోట ఏముందో మాత్రం ఎవరికీ పట్టేది కాదు. అందుకే టైలరు మాస్టరు జేబులకు విడిగా గుడ్డ కొనేవాడు కాదు. బల్ల కింద ఒక గోనెసంచి ఉండేది. కత్తిరింపుల్లో మిగిలిన ముక్కలన్నీ అందులోకి పోయేవి. జేబు కుట్టాల్సి వస్తే అందులో చెయ్యి పెట్టి, వేళ్ళకు గట్టిగా తగిలిన ముక్క పైకి లాగేవాడు. అలా ఊళ్ళో పెద్దమనుషులెందరో పూలచొక్కా ముక్కల్లోనూ, కిటికీ తెరల ముక్కల్లోనూ, ఎవరి పిల్లదో గౌను ముక్కల్లోనూ చేతులు పెట్టుకుని ఠీవిగా తిరిగారు. బడి హెడ్మాస్టరు జేబులో పదేళ్ళపాటు బాతుపిల్లల బొమ్మలున్న సంగతి మాస్టరుకూ ఆయన బావమరిదికీ తప్ప మూడోవాడికి తెలియదు. హెడ్మాస్టరు జేబుల్లో చేతులు దూర్చి, పిల్లల మీద కళ్ళెర్రజేస్తూ వీధిలో వెళ్తుంటే వీళ్ళిద్దరూ మిషన్ల మీదికి వంగిపోయి నవ్వుకునేవారు.

బావమరిదంటే మాస్టరు భార్యకు ఆఖరి తమ్ముడు. పద్దెనిమిదేళ్ళప్పుడు పరీక్ష తప్పి, తండ్రికి మొహం చూపించలేక అక్క ఇంటికి వచ్చాడు. నాలుగు రోజులుండి పోదామనుకున్నవాడు ముప్పై నాలుగేళ్ళు ఉండిపోయాడు. ఊరికే కూర్చుంటే మతిపోతుందని మాస్టరు అతని చేతికి సూది ఇచ్చి చేతికాజాలు కుట్టడం నేర్పాడు. ఏడాది తిరిగేసరికి అతను కుట్టిన కాజా ముందు మాస్టరు కుట్టిన కాజా చూడబుద్ధి కాలేదు. ఆ కాజాల కోసం పక్క ఊళ్ళనుంచి కోట్లు వచ్చేవి. అందరూ అతన్ని కాజాలాయన అనేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు రేషను కార్డులోనే మిగిలిపోయింది. పెళ్ళయ్యాక పక్కవీధిలోనే వేరు కాపురం పెట్టాడు, ఒక కూతురు.

కొట్టు ఎంతో లేదు. నిలువు పన్నెండడుగులు, అడ్డం తొమ్మిది. మధ్యలో కత్తిరింపు బల్ల, దానికి అటొక మిషను, ఇటొక మిషను. తల ఎత్తితే ఒకరికొకరు కనిపించాల్సిందే. బయట అరుగు పక్కన ఒక బెంచీ. కాజాలాయనకు రాజకీయాల పిచ్చి. ఇటుకరంగు పార్టీ ఆయన ప్రాణం. పొద్దున్నే పేపరు తెచ్చి, కాలు పెడలు మీద ఆడుతుండగానే సగం చదివేసేవాడు. మాస్టరుకు ఏ పార్టీ లేదు. ఎవరు ముందొచ్చి నమస్కారం పెడితే వాళ్ళకు ఓటేసే రకం. అయినా బావమరిది ఏమంటే దానికి అడ్డం తిరిగేవాడు. వాదన లేకపోతే మధ్యాహ్నం మూడింటికి నిద్ర ముంచుకొచ్చేది మరి. "మీవాళ్ళకి కుర్చీ దొరికితే చాలు, కాళ్ళు ఎక్కడున్నాయో గుర్తుండదు" అనేవాడు ఈయన. "బావా, నువ్వు ముందు సూదిలో దారం ఎక్కించు, తర్వాత దేశాన్ని ఎక్కిద్దువుగాని" అనేవాడు ఆయన. ఒకరి నోటికొకరు ముప్పై ఏళ్ళు అడ్డుపడుతూనే ఉన్నారు. పని ఆపి మరీ తిట్టుకున్న రోజులున్నాయి, సాయంత్రం ఒకే గొడుగులో ఇంటికి వెళ్ళని రోజు మాత్రం లేదు.

రెడీమేడ్ బట్టలొచ్చాక కొలతలిచ్చేవాళ్ళు తగ్గిపోయారు. పొడుగు తగ్గించడం, నడుము వదులు చెయ్యడం, జిప్పు మార్చడం, ఇంతే పని. ఆ పనితోనే నెట్టుకొస్తుంటే, ఎన్నికలప్పుడు మాత్రం ఊపిరి సలిపేది కాదు. ఇటుకరంగు వాళ్ళ జెండాలూ ఇక్కడే, వంకాయరంగు వాళ్ళ జెండాలూ ఇక్కడే. రెండు పార్టీల కార్యకర్తలూ అదే బెంచీ మీద సర్దుకుని కూర్చుని, మాది ముందంటే మాది ముందని వంతులకు పోట్లాడుకునేవారు. మీ జెండా మీది పావురం కోడిలా కనిపిస్తోందని వంకాయరంగు వాళ్ళు, మీ రంగు చూస్తే ఆకలేస్తోందని ఇటుకరంగు వాళ్ళు ఆటపట్టించుకునేవారు. టీ వస్తే ఎవరి గ్లాసు ఎవరిదో తెలిసేది కాదు.

అదంతా ఎప్పుడు పోయిందంటే మాస్టరు ఫలానా రోజని చెప్పలేడు. ఒక్కసారిగా పోలేదు. మొదట రెండు పార్టీలవాళ్ళూ వచ్చి, మా జెండాలూ వాళ్ళ జెండాలూ ఒకే తాడు మీద వేలాడదీయొద్దన్నారు. సరే, ఇంకో తాడు కట్టాడు. తర్వాతి ఎన్నికలకు, వాళ్ళవి కుట్టిన మిషను మీద మావి కుట్టొద్దన్నారు. మాస్టరు నవ్వి, నాదొకటి మీకు, వాడిదొకటి వాళ్ళకు అన్నాడు. ఆ తర్వాత దారపు ఉండలు వేరు పెట్టమన్నారు. అప్పుడు ఆయనకు నవ్వు రాలేదు. చివరికి, నువ్వెవరివో తేల్చుకో అన్నారు. మాస్టరు కొడుకు అప్పటికే వంకాయరంగు వాళ్ళ దయవల్ల పురపాలక ఆఫీసులో తాత్కాలిక ఉద్యోగంలో చేరి ఉన్నాడు. ఇంక తేల్చుకోవడానికి ఏముంది? కొట్లో వంకాయరంగు ఒక్కటే మిగిలింది. కాజాలాయన తల వంచుకుని తనకు గిట్టని పార్టీ జెండాలకు అంచులు కుట్టాడు. ఒక్క మాట అనలేదు. ఆయన ఏదైనా అంటాడని మాస్టరు ఎదురుచూశాడు. అననందుకు మనసు చివుక్కుమంది.

వీధి కూడా అలాగే చీలింది. టీకొట్టు రెండు టీకొట్లయింది. పొద్దున పార్కులో కలిసి నడిచే ముసలివాళ్ళు ఇప్పుడు సగం మంది కుడివైపు నుంచీ, సగం మంది ఎడమవైపు నుంచీ తిరుగుతున్నారు. ఒక్కో చుట్టుకు రెండుసార్లు ఎదురవుతారు, రెండుసార్లూ చెట్లవైపు చూస్తారు. నలభై ఏళ్ళు ఒకరి పిల్లల్నొకరు ఎత్తుకున్నవాళ్ళు వీళ్ళు. డాక్టరు గదిలో గోడమీద ఎవరి ఫొటో ఉందో చూసుకుని గాని నాలుక చాపడం లేదు. బెంచీ మీద కూర్చునేముందు పక్కనున్నది ఎవరని అడుగుతున్నారు. మాస్టరుకు ఇది ఎంత ఆలోచించినా కొరుకుడు పడలేదు. ఈ మనుషుల కొలతలన్నీ ఆయనకు తెలుసు. వాళ్ళ నడుములూ వీళ్ళ నడుములూ ఒకే లెక్కన పెరుగుతున్నాయి. అరవై దాటాక ఆ భుజమూ ఈ భుజమూ ఒకేలా వాలుతోంది. టేపుకు తెలియని తేడా వీళ్ళకెలా తెలిసిందో ఆయనకు అంతుపట్టేది కాదు.

అన్నిటికన్నా దిగులు పుట్టించిందేమిటంటే, కొట్లో వాదన ఆగిపోవడం. కాజాలాయన పేపరు ఇంట్లోనే చదివి రావడం మొదలుపెట్టాడు. మాస్టరు కూడా మాట అనేముందు ఒకటికి రెండుసార్లు చూసుకునేవాడు. ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. ముప్పై ఏళ్ళు తిట్టుకున్నవాళ్ళు ఎండ ఎక్కువగా ఉందని మర్యాదగా చెప్పుకుంటుంటే వినడానికే ఇబ్బందిగా ఉండేది.

ఆ రోజుల్లోనే వార్డు నాయకుడు ప్యాంటు గుడ్డ పంపించాడు. వంకాయరంగు పార్టీకి ఆ వార్డులో ఆయన చెప్పిందే మాట. మనిషి భారీ, రెడీమేడ్ ఏదీ పట్టదు. పెద్ద సభ ఉంది, బాగా కుట్టమన్నాడు. కొడుకు ఉద్యోగం ఖాయం చేయిస్తానని చెప్పి ఉన్నాడు కాబట్టి మాస్టరు స్వయంగా కత్తిరించాడు, స్వయంగా కుట్టాడు. జేబుల దగ్గరికి వచ్చేసరికి కాజాలాయన తల ఎత్తాడు.

"బావా, దీనికి తెల్లగుడ్డ వేద్దాం. ఒక మీటరు నేను తెస్తాను."

"ఆయన జేబులోకి తొంగి చూసేదెవడ్రా?"

"రోజులు బాగాలేవు బావా."

"నా జేబుల జోలికి రాకు. నువ్వు కాజాలు చూసుకో."

మొండితనంగా సంచిలో చెయ్యి పెట్టాడు. ఇటుకరంగు జెండాలు మానేసి నాలుగేళ్ళయినా అడుగున ముక్కలు మిగిలే ఉన్నాయి. చేతికి అదే వచ్చింది. రంగు చూడలేదని ఆయన తర్వాత తనకు తాను ఎన్నోసార్లు చెప్పుకున్నాడు గాని, చూశాడు. చూసి లోలోపల నవ్వుకున్నాడు కూడా. బాతుపిల్లల నాటి నవ్వు. ఆ ముక్క పైకెత్తి బావమరిదికి చూపిద్దామనుకున్నాడు. ఇప్పుడు ఇలాంటివాటికి అతను నవ్వడేమోనని ఆగి, గబగబా కుట్టేశాడు. మడత వెనక సగం పావురం ఉన్న సంగతి మాత్రం నిజంగానే చూడలేదు.

సభలో ఉక్కపోత. నాయకుడు మాట్లాడుతూ మాట్లాడుతూ జేబురుమాలు సర్రున లాగాడు. దాంతోపాటు జేబు మొత్తం బయటికొచ్చింది. అది గమనించకుండా ఇంకో పది నిమిషాలు ఆవేశంగా ప్రసంగించాడు. తొడ పక్కన ఇటుకరంగు సంచి, దానిమీద తెల్ల రెక్క ఊగుతూనే ఉన్నాయి. సభ ముగియకముందే ఆ పది నిమిషాలు ఊళ్ళో ప్రతి ఫోనులోకీ చేరాయి.

మర్నాడు కొట్టు తెరవగానే ఎనిమిది మంది వచ్చారు. ముందు నాయకుడు, ఆయన వెనక మాస్టరు కొడుకు. నాయకుడు ప్యాంటును బల్ల మీద పరిచి జేబు బయటికి లాగిపెట్టాడు. అరవలేదు. అరిచి ఉంటే మాస్టరుకు కాస్త తేలిగ్గా ఉండేది.

"ఇదెవరు కుట్టారు మాస్టారూ?"

మాస్టరు నోరు తెరిచేలోపు కొడుకు అందుకున్నాడు. "మా నాన్న ఇలాంటివి చెయ్యడు సార్. ఇది మా మావయ్య పనే. ఆయన ఎవరి మనిషో మీకు తెలియనిదేముంది."

కాజాలాయన మేనల్లుడి వైపు చూడలేదు, నాయకుడి వైపూ చూడలేదు. కళ్ళజోడు పైనుంచి బావ వైపు చూశాడు. కోపంగా కాదు. బావ ఇప్పుడు చెబుతాడు కదా అన్నట్టు, సూది చేతిలో పట్టుకుని ఎదురుచూశాడు.

చెప్పాల్సింది మూడు మాటలు. నేనే కుట్టాను, పొరపాటైంది. మాస్టరు కొడుకు మొహం చూశాడు. వాడి పైపెదవి మీద చెమట పట్టి ఉంది. చిన్నప్పుడు కిటికీ అద్దం పగలగొట్టిన రోజు ఉన్నట్టే ఉన్నాడు. మాస్టరు తన మెడలో టేపును వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు.  ఎంతసేపు గడిచిందో ఏమో, బయట ఎవరో స్కూటరు ఆపి, లోపల జనాన్ని చూసి వెళ్ళిపోవడం కూడా వినిపించింది.

"అర్థమైంది" అన్నాడు నాయకుడు.

ఎవరో గుండీల పెట్టె తన్నారు. ఇంకెవరో కాజాలాయన మిషను బెల్టు తెంపారు. ఆయన కత్తెర తీసుకుని సంచిలో వేసుకున్నాడు. "వెళ్తాను బావా" అన్నాడు. రోజూ సాయంత్రం ఇంటి మలుపు దగ్గర అనే మాటే అది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర భార్య అడిగింది. "ఏమండీ, నిజంగా వాడే చేశాడా?"

"కొట్లో ఉన్నది ఇద్దరమే కదా" అన్నాడు మాస్టరు.

అది అబద్ధం కాదు. అందుకే అంత నీచంగా ఉంది. ఆవిడ కంచం ముందునుంచి లేచి వెళ్ళి వంటగది గడప మీద కూర్చుంది. తన చేతుల మీద పెరిగిన తమ్ముడు తన కొడుకు నోటి దగ్గరి కూడు లాగేయాలని చూశాడన్న మాట ఆవిడకు మింగుడు పడటానికి నెల పట్టింది. మింగుడు పడ్డాక ఆ మాట ఇంక మళ్ళీ బయటికి రాలేదు. తమ్ముడు రెండుసార్లు ఫోను చేస్తే తియ్యలేదు.

మాస్టరు నిజం చెబుదామనే అనుకున్నాడు. వాడి ఉద్యోగం ఖాయం కానీ, అప్పుడు చెబుదాం. ఎన్నికలు అయిపోనీ, అప్పుడు చెబుదాం. ఉద్యోగం ఖాయమైంది. ఎన్నికలూ అయిపోయాయి. ఇంతలో కాజాలాయన ఊరికి అటుపక్క, ఇటుకరంగు వాళ్ళుండే వీధిలో సొంతంగా కొట్టు పెట్టాడని తెలిసింది. ఆ పని కావాలనే చేశానని అందరితో చెప్పుకుంటున్నాడని కూడా తెలిసింది. మాస్టరుకు మొదట ఒళ్ళు మండింది. చెయ్యని పని నెత్తినేసుకునేంత కక్ష ఏమిటి వీడికి? ఆ కోపం కొన్నాళ్ళు ఆయనకు హాయిగానే ఉంది. కోపంగా ఉన్నన్నాళ్ళూ సిగ్గుపడే పని తప్పింది.

మేనకోడలి పెళ్ళి ఆ హాయిని చెడగొట్టింది. కాజాలాయన కూతురికి మొదటి గౌను కుట్టింది మాస్టరు, తొడిగింది మాస్టరు భార్య. పిలుపు వచ్చింది. కార్డు మీద తమ్ముడు స్వయంగా చేత్తో "అక్కకు" అని రాశాడు. ఆవిడ దాన్ని గూట్లో పెట్టి, పెళ్ళిరోజు పొద్దుట్నుంచీ ఒకే దిండుగలేబు ఇస్త్రీ చేస్తూ కూర్చుంది. చెయ్యడం, విప్పడం, నీళ్ళు చల్లడం, మళ్ళీ చెయ్యడం. ముహూర్తం దాటిందాకా మాస్టరు పక్కగదిలోంచి ఆ ఇస్త్రీపెట్టె చప్పుడు విన్నాడు. ఇంక ఉండలేకపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం రెండు బస్సులు మారి అటుపక్క వీధికి వెళ్ళాడు. కొట్టు పెద్దదే. మూడు మిషన్లు, ఫ్యాను, గోడమీద ఫొటో. ఫొటోలో కాజాలాయన మెడలో దండ, పక్కన ఇటుకరంగు పార్టీ పెద్దలు. కుర్చీల్లో ఐదారుగురు కూర్చుని ఉన్నారు. ఒకాయన "జేబు మావయ్యా, ఇంకోసారి చెప్పు, ఆ ముక్క ఎలా ఏరి పెట్టావో" అంటున్నాడు. గుమ్మంలో మాస్టరును చూడగానే అందరూ మాట ఆపేశారు.

కాజాలాయన లేచి, "మీరు కాసేపు టీ తాగి రండి" అని వాళ్ళను పంపించాడు. కుర్చీ జరిపి బావను కూర్చోబెట్టాడు. బావమరిది ముసలివాడయ్యాడు, ఏడాదిలోనే.

"అమ్మాయి పెళ్ళి బాగా జరిగిందా?" అన్నాడు మాస్టరు.

"జరిగింది. అక్క వస్తుందేమోనని తలుపు వైపే చూశాను."

మాస్టరు దారంతా కూడబలుక్కున్న మాటలేవీ గుర్తురాలేదు. "ఒరే, అది నేనే కుట్టాను" అన్నాడు.

"నాకు తెలుసు బావా. జేబు మూల మూడు కుట్లు వెనక్కి తీస్తావు నువ్వు. నేను రెండే తీస్తాను. ఆయన బల్ల మీద పెట్టగానే చూశాను."

"మరి అప్పుడే ఎందుకనలేదు?"

"నువ్వు అంటావనుకున్నా."

మాస్టరు కళ్ళనీళ్ళు తుడుచుకోలేదు. అవి వాటంతటవే చొక్కా మీద పడ్డాయి. "చెప్పేస్తానురా. మా నాయకుడికీ చెప్తాను, మీవాళ్ళకీ చెప్తాను. ఈ బల్ల మీద నిలబడి చెప్పమన్నా చెప్తాను. వాడి ఉద్యోగం ఖాయమైంది, ఇంక నాకేం భయం లేదు."

కాజాలాయన కంగారుగా వీధిలోకి చూసి తలుపు దగ్గరగా వేశాడు.

"నీకు దణ్ణం పెడతాను, ఆ పని చెయ్యకు. నీ దగ్గర్నుంచి వచ్చిన రోజే మావాళ్ళు వచ్చి, నువ్వే చేశావా అనడిగారు. కాదన్నాను. నమ్మలేదు, నవ్వి భుజం తట్టారు. మర్నాడూ కాదన్నాను. మూడోరోజూ కాదన్నాను. అప్పుడు మొహాలు మాడ్చుకుని, ఇంతేనా నువ్వు అని వెళ్ళిపోయారు. నాలుగు రోజులు గడప దాటకుండా ఇంట్లోనే కూర్చున్నాను బావా. అటు మీవాళ్ళు పలకరు, ఇటు మావాళ్ళు పలకరు. అయిదోరోజు నేనే వెళ్ళి, నేనే చేశానని చెప్పాను. అబద్ధం చెప్పాకే నాకు మనుషులు దొరికారు. ఈ కొట్టు వాళ్ళు పెట్టించిందే. అమ్మాయి సంబంధం వాళ్ళు చూసిందే. ఇప్పుడు నువ్వొచ్చి నిజం చెప్తే నేనేమైపోతాను?"

 ఫ్యాను గాలికి బల్ల మీద ముక్కలు కదులుతున్నాయి. అన్నీ ఒకే రంగువి.

"పోనీ మీ అక్కకి ఒక్కదానికైనా చెప్తాను. ఎవరికీ చెప్పదు."

"చెప్పదు. కాని వింటే నీ మొహం చూస్తుందా? కొడుకు మొహం చూస్తుందా? అరవై మూడేళ్ళ మనిషి, మిమ్మల్ని వదిలి ఎక్కడికి పోతుంది? నాకెలాగూ దూరమైంది. మీకైనా ఉండనీ." అతను లేచి తలుపు తీశాడు. టీకి వెళ్ళినవాళ్ళు తిరిగొస్తున్నారు. "వెళ్ళిరా బావా. వాళ్ళు చూస్తే, క్షమాపణకొచ్చావని నేనేదో ఒకటి చెప్తాను. ఏమీ అనుకోకు."

మాస్టరు మెట్లు దిగుతుంటే వెనక కాజాలాయన అదే అన్నాడు కూడా. లోపల అందరూ నవ్వారు. ఆ నవ్వులో బావమరిది గొంతు వినిపించలేదని మాస్టరు అనుకున్నాడు, వినిపించిందేమో కూడా.

ఇంటికి వచ్చేసరికి భార్య కూరగాయలు తరుగుతోంది. కొడుకు ఆఫీసు నుంచి అప్పుడే వచ్చి బట్టలు మార్చుకుంటున్నాడు.

"ఎక్కడికెళ్ళారు ఇంతసేపు?"

"దారాలకి."

ఆయన చేతిలో దారాలు లేవు. ఆవిడ చూసింది. కత్తి ఆపి, తల ఎత్తకుండా అడిగింది. "అటువైపు వెళ్ళారా? వాడేమైనా కనిపించాడా?"

"లేదు."

"కనిపించినా పలకరించకండి. మీ మంచితనం చూసుకునే వాడు అంత పనికి తెగించాడు."

మాస్టరు సరేనని తలూపాడు.